కుడి నుంచి మొదలైన త్రిభుజం

బిందువుకు నిర్వచనం అడగకూడదు. రేఖకు, తలానికి కూడా అడగకూడదు. ఈ మూడు మాటలను ఉన్నవి ఉన్నట్టుగా అంగీకరించిన తరువాతనే తక్కిన మాటలన్నీ ఒకదానిపై ఒకటి నిలబడతాయి. రేఖ తెలియనివానికి కోణం చెప్పరాదు. కోణం తెలియనివానికి త్రిభుజం చెప్పరాదు. కేంద్రం అనే మాట పలకకుండా వ్యాసార్థాన్ని వివరించబోయేవాడు పాఠం చెప్పడం లేదు, కాలక్షేపం చేస్తున్నాడు. నా ఉద్యోగకాలమంతా ఈ క్రమాన్ని నేను తప్పలేదు, విద్యార్థులను తప్పనివ్వలేదు.

అయితే ఈ మాటలను నేను మొట్టమొదట వరుసగా నేర్పినది విద్యార్థికి కాదు, మా అక్క భర్తకు. ఆయన నాకంటే ఎంతో ముందుగా లెక్కల ఉపాధ్యాయుడైనవాడు. రేఖాగణితం ఆయనకు నాకంటే బాగా వచ్చును. కాని వచ్చినదంతా ఉర్దూలో వచ్చును.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు నాంపల్లిలోని ఒక ఉన్నత పాఠశాలలో మేమిద్దరమూ పనిచేశాము. ఆయన పై తరగతులకు లెక్కలు, నేను కింది తరగతులకు తెలుగూ లెక్కలూ. నేను కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, తెలుగులోనే చదువుకుని, ఉద్యోగం దొరికిన నాటి నుంచి స్టేషను వెనుక సందులో ఉన్న వారి కిరాయి ఇంట్లోనే ఉండేవాణ్ణి. బావది పాత హైదరాబాదు కుటుంబం. తాతలు, తండ్రి సర్కారు కచేరీలలో గుమాస్తాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువు, రాత, లెక్క, పొద్దున్నే చదివే పత్రిక, అన్నీ ఉర్దూ. పెళ్లయిన తరువాత మా అక్క పంచాంగం ముందు పెట్టుకుని ఆయనకు తెలుగు అక్షరాలు దిద్దించింది.

బిందువు ఆయనకు నుక్తా. కోణం జావియా. త్రిభుజం ముసల్లస్, దాని భుజం జిలా. వృత్తం దాయిరా. పరికరం లేకుండా ఒక్క చేతి విసురుతో ఆయన నల్లబల్ల మీద దాయిరా గీసేటప్పుడు వెనుక బెంచీలలోని అల్లరి పిల్లలు సైతం మాట్లాడడం మానేవారు. గీత బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి కలిసేది. ఆ విద్య నాకు ఎన్నడూ పట్టుబడలేదు. నేను తాడు కట్టి గీసేవాణ్ణి.

బోధనాభాష మారింది. ఉర్దూ తరగతులు ఒక్కొక్కటే తగ్గి, వాటి స్థానంలో తెలుగు తరగతులు వచ్చాయి. మిగిలిన ఒక్క ఉర్దూ సెక్షనును మరొక ఉపాధ్యాయునికి ఇచ్చారు. దానిని తనకే ఉంచమని అడగడానికి బావ విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లాడు. నన్ను కూడా వెంట తీసుకుపోయాడు. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

“మీ మాతృభాష ఏంది సార్?”

“తెలుగు.”

“మరింకేంది ఫికర్? తెలుగోల్లు తెలుగుల చెప్పుడు గూడ కష్టమేనా?”

“నేను చదివింది ఉర్దూల, భాయ్.”

“చదివింది ఎవరడిగిన్రు సార్? మాతృభాషనే అడిగిన.”

ఆ సంభాషణ అంతటితో ముగిసింది. అందులో తర్కదోషం ఏదీ లేదు.

ప్రధానోపాధ్యాయుడు ఆయనను గౌరవించేవాడు. వార్షిక తనిఖీ వరకు రెండు భాషలూ కలిపి చెప్పుకోవచ్చునన్నాడు. తనిఖీనాడు మాత్రం ఇన్‌స్పెక్టరు ఎదుట పాఠమంతా తెలుగులో సాగాలి. సాగకపోతే పై తరగతుల లెక్కలు వేరొకరికి ఇవ్వవలసి వస్తుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అక్క చేతిలోని గరిటె కింద పెట్టింది.

“గాయనకు లెక్కలు తప్ప ఇంకేమొస్తయి తమ్మీ? కూరగాయలు తెమ్మంటే కుళ్లినయి తెస్తడు. పెండ్లికి తీస్కపోతే ఎవలతోని మాట్లాడడు. బడిల గా నల్లబల్ల ఒక్కటే ఆయన జాగ. నువ్వే జెర నేర్పియ్యి.”

“నేర్పుతాను” అన్నాను.

మేమిద్దరమూ వల్లెవేసి చదువుకున్నవాళ్లమే. అందుచేత నోటితోనే నేర్వాలని నిర్ణయించుకున్నాము. పుస్తకం చేతిలో ఉంటే నాలుక బద్ధకిస్తుందని ఆయన నమ్మకం, నా నమ్మకం కూడా అదే. బడి వదిలిన తరువాత పబ్లిక్ గార్డెన్స్‌లో నడుస్తూ నేను ఒక మాట చెప్పేవాణ్ణి, ఆయన దానికి ఉర్దూ మాట చెప్పి, తిరిగి నా మాట పలికేవాడు. బిందువుతో మొదలుపెట్టాము. రేఖ, కిరణం, రేఖాఖండం దాటి కోణాలకు వచ్చాము.

“తొంభై డిగ్రీలకంటే తక్కువైతే లఘుకోణం. ఎక్కువైతే గురుకోణం.”

“గురుకోణం!” అని ఆయన ఆగిపోయాడు. “అంటే మన హెడ్‌మాస్టరు కుర్చీల వెనక్కి ఒరిగి కూసున్నప్పుడు అయ్యేదా?”

“బావా, పాఠంలో పరిహాసం వద్దు.”

“ఔ పంతులూ, తప్పైంది. మీ ఊళ్లె మీ అయ్య గూడ గిట్లనే నవ్వకపోతుండె. ఇగ చెప్పు.”

ఒక ఆదివారం అబిడ్స్‌లోని పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాము. తెలుగులో రేఖాగణిత పదాల పుస్తకం కావాలని అడిగితే ఒకాయన సుల్తాన్ బజార్ చూడమన్నాడు, సుల్తాన్ బజార్‌లో ఒకాయన ఇంకా అచ్చు కాలేదేమో అన్నాడు. చివరికి ఒక పలుచని పారిభాషిక పదకోశం దొరికింది. దానిని స్టేషను ఎదుటి ఇరానీ హోటలులో కూర్చుని విప్పి చూశాను. నాకు కోపం వచ్చింది. నేను లఘుకోణం అని నేర్పినదానిని అందులో అల్పకోణం అన్నారు. సమాంతర చతుర్భుజానికి రెండు పేర్లున్నాయి. ఒక వస్తువుకు ఒకే పేరుండాలి. శాస్త్రంలో రెండు పేర్లుండడం అశ్రద్ధ.

బావ చాయ్ సాసరులో పోసుకుంటూ నా ముఖం చూసి నవ్వాడు.

“ఏందయ్యా బామ్మర్దీ, గిదేం న్యాయం? పేరేందో మీరే ఇంకా తేల్చుకోలే. నన్నేమో రేపటికల్ల నేర్చుకో అంటున్రు.”

అదే బల్ల దగ్గరికి మా పాఠశాల డ్రిల్లు మాస్టరు వచ్చి కూర్చున్నాడు. ఆయన నోరు ఊరుకునేది కాదు. “ఏం సార్, ఈ వయసుల అక్షరాభ్యాసమా? పలుక, బలపం నేను కొనిపెట్టాల్నా?”

“నువ్వు కొంటె పలుక గూడ కవాతు చేస్తది” అన్నాడు బావ. “పోరగాళ్లకు ఎడమ కాలు ఏదో కుడి కాలు ఏదో ముందు నేర్పుపో.”

ముగ్గురిలో నేనొక్కణ్ణే నవ్వలేదు. పదకోశంలోని రెండో పేర్లను పెన్సిలుతో కొట్టివేస్తున్నాను.

వర్షాలు వెళ్లి చలి వచ్చేసరికి ఆయనకు మాటలన్నీ వచ్చాయి. ఇది నేను బంధుప్రీతితో చెప్పడం లేదు. శీర్షాభిముఖ కోణాలు, ఏకాంతర కోణాలు, సమద్విఖండన రేఖ, సర్వసమానత్వం వంటి మాటలను తెలుగు పండితులే తడబడుతూ పలికే రోజులలో ఆయన తడబాటు లేకుండా పలికేవాడు. దత్తాంశం, అంటే సిద్ధాంతంలో మనకిచ్చినది. సారాంశం, అంటే నిరూపించవలసినది. తరువాత నిర్మాణం, తరువాత ఉపపత్తి. ఈ నాలుగు మెట్లనూ ఆయన అన్నం తింటూ, స్నానానికి నీళ్లు తోడుతూ పైకి చెప్పుకునేవాడు. “గిది గెల్చినట్లే తమ్మీ” అని అక్క నాతో రహస్యంగా అన్నది. నేను కూడా అట్లే తలచాను.

మా పీరియడ్లు ఒకే వేళకు ఉండేవి. అందుచేత తరగతిలో ఆయన తెలుగు పాఠాన్ని నేను మొదటిసారి చూసినది తనిఖీనాడే. ప్రధానోపాధ్యాయుడు అనుమతించగా వెనుక బెంచీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరు కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. ఆ రోజు పాఠం సమద్విబాహు త్రిభుజం. రెండు భుజాలు సమానమైన త్రిభుజంలో, ఆ భుజాలకు ఎదుట ఉన్న కోణాలు కూడా సమానమని నిరూపించాలి. బావ ఉర్దూలో ఎన్ని తరాల పిల్లలకు చెప్పి ఉంటాడో ఆయనకే తెలియదు.

మాటలలో ఒక్క దోషం లేదు. భూమి, శీర్షం, భుజం, ఉన్నతి, ప్రతిదీ దాని చోట అది వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఒకటి రెండుసార్లు తల ఊపాడు. “చాలా శుద్ధంగా చెబుతున్నారండీ” అని ప్రధానోపాధ్యాయునితో అన్నాడు. నాకు ఊపిరి తేలికైంది.

అప్పుడు నల్లబల్ల వైపు చూశాను.

ఆయన బల్లను నిలువుగా నాలుగు గళ్లు చేశాడు. కుడి చివరి గడిలో పటం, దాని కింద దత్తాంశం. దానికి ఎడమ పక్కన సారాంశం. ఇంకా ఎడమకు నిర్మాణం. ఎడమ అంచున, తలుపు దగ్గర, ఉపపత్తి. త్రిభుజం శీర్షాలకు పేర్లు కూడా కుడి మూల నుంచే మొదలయ్యాయి. గడి లోపల తెలుగు అక్షరాలు ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి. పాఠం మాత్రం కుడి నుంచి ఎడమకు నడుస్తున్నది. ఉర్దూ రాసేవారి బల్ల అట్లే ఉంటుంది. ఆయన చిన్ననాటి నుంచి చూసినది, రాసినది, రాయించినది ఆ బల్లనే. ఆయనకు అందులో వింత ఏదీ తోచి ఉండదు.

ఇన్‌స్పెక్టరు ముందు బెంచీ కుర్రవాణ్ణి లేపి, బల్ల మీద ఉన్నది చదవమన్నాడు. వాడు సరాసరి కుడి చివరి గడి నుంచి మొదలుపెట్టాడు.

“ఏమోయ్, అటునుంచి చదువుతావేం?”

“మొదలు గాడ్నే ఉంది సార్.”

“అదెలా? తెలుగు ఇటునుంచి కదా చదవాలి?”

వాడు బిక్కమొహం వేశాడు. పక్కవాడు సాయానికి లేచాడు. “లెక్కల సారు బోర్డు గట్ల చదవాలె సార్. తెలుగు సారు బోర్డు గిట్ల.” రెండు చేతులతో రెండు దిక్కులూ చూపించాడు. మాకందరికీ తెలిసిన సంగతి తమరికి తెలియదా అన్నట్టు మిగిలిన పిల్లలు ఇన్‌స్పెక్టరు వైపు చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లలకు అందులో నవ్వవలసినది లేదు.

ఇన్‌స్పెక్టరు కోపగించుకోలేదు. “మాస్టారూ, మాటలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ పబ్లిక్ పరీక్షలో పిల్లలు ఇలా అటు చివర నుంచి రాసుకొస్తే, దిద్దేవారు ముందు ఉపపత్తి చూస్తారు, చివర దత్తాంశం చూస్తారు. మార్కులు ఎలా వేస్తారండీ? ఒక్కసారి చెరిపి, ఎడమవైపు నుంచి చేసి చూపించండి. తొందరేం లేదు.”

బావ బల్లంతా తుడిచాడు. మూలమూలలా తుడిచాడు. సుద్దముక్క తీసుకుని ఎడమ అంచుకు వెళ్లి నిలబడ్డాడు. త్రిభుజం గీశాడు. మొదటి శీర్షానికి పేరు పెట్టబోయి చేయి కుడి మూలకు పోయింది. వెనక్కి తీసుకున్నాడు. దత్తాంశం అని రాశాడు. దాని పక్కన సారాంశం రాయడానికి జరిగినవాడు కుడికి జరగలేదు, ఎడమకు జరిగాడు. అక్కడ బల్ల లేదు, గోడ ఉంది. అరచేత్తో తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. “ఈ కోణం” అంటూ చూపించినది ఆ కోణం. “ఆ భుజం” అన్నది ఈ భుజం. ఎడమవైపు కోణమూ కుడివైపు కోణమూ సమానమని చెప్పే సిద్ధాంతం అది. అందులోనే ఆయనకు ఎడమ ఏదో కుడి ఏదో తెలియకుండా పోయింది.

ఇన్‌స్పెక్టరు వేచి ఉన్నాడు. ప్రధానోపాధ్యాయుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పుడు బావ తరగతి వైపు తిరగకుండా, బల్లకే చెబుతున్నట్టు, సిద్ధాంతమంతా ఉర్దూలో చెప్పడం ప్రారంభించాడు. ముసల్లస్, జావియా, జిలా. ఒక్క మెట్టు తప్పలేదు. చేయి మళ్లీ కుడికి పోయింది, గీతలు వాటి చోట అవి వచ్చి పడ్డాయి. అంత చక్కని ఉపపత్తిని నేను తరువాత ఏ తరగతిలోనూ వినలేదు. చివర ఉర్దూ గణితంలో అలవాటుగా చెప్పే మాట చెప్పాడు. “ఔర్ యహీ సాబిత్ కర్నా థా.” నిరూపించవలసినది ఇదే. సుద్దముక్కను గట్టు మీద పెట్టి, చేతులు దులుపుకుని, ఇన్‌స్పెక్టరుకు నమస్కారం చేశాడు.

ఉపాధ్యాయుల గదిలో డ్రిల్లు మాస్టరు ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి మానుకుని, చాయ్ తెప్పించాడు. అది చల్లారిపోయింది.

ఉత్తర్వు కొద్ది రోజులలోనే వచ్చింది. పై తరగతుల లెక్కలు నాకు ఇచ్చారు. బావకు చేతిపని తరగతి ఇచ్చారు. అట్ట ముక్కలు కత్తిరించి డబ్బాలు అతికించడం, తకిలీ మీద నూలు వడకడం అందులోని పనులు. ప్రధానోపాధ్యాయుడు నన్ను పిలిచి, “ఇంకెవరికి ఇవ్వమంటారు?” అని అడిగాడు. పాఠశాలలో తెలుగులో లెక్కలు చెప్పగలవాడు మరొకడు లేడు. నేను ఒప్పుకున్నాను. మాటలను ఒక క్రమంలో నేర్పాను, ఆ క్రమం సరైనదని ఈనాటికీ నా అభిప్రాయం. చేతికి చిన్ననాట పట్టిన దిక్కును ఏ క్రమంలో మార్చాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ సాయంత్రం పబ్లిక్ గార్డెన్స్ వైపు నడవబోతే ఆయన రాలేదు.

“ఇగ నాకేం పని గాడ?” అన్నాడు.

“మళ్లీ ప్రయత్నిద్దాం బావా. ఇంట్లోనే ఒక బల్ల పెట్టుకుందాం. వచ్చే ఏడు తనిఖీకి...”

“పంతులూ, నువ్వు మంచోనివి. జర సప్పుడు చేయకు.”

బల్ల పెట్టాను. అక్క గోడకు మసి పూసి ఇచ్చింది. ఆయన దాని ముందు కొన్నాళ్లు నిలబడ్డాడు, నా కోసం కాదు, అక్క కోసం. ఎడమ నుంచి గీస్తే ఆయన గీత వణికేది. వృత్తం కలిసేది కాదు. కుడి నుంచి గీసిన పాత వృత్తం కూడా ఆ తరువాత కలవడం మానింది. అది చూసిన రోజున అక్కయే తడిగుడ్డతో మసి కడిగివేసింది.

చేతిపని తరగతి వరండా చివరన ఉండేది. పాఠం చెబుతూ నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. పిల్లలు అట్టలు కత్తిరిస్తుంటే ఆయన వెదురు మోడా మీద కూర్చుని ఉండేవాడు. చతురస్రమైన ముక్కలు, త్రిభుజాకారపు ముక్కలు ఆయన కాళ్ల దగ్గర పడి ఉండేవి. వాటి పేర్లు ఏ భాషలోనూ ఆయన పలకడం నేను వినలేదు. నా విద్యార్థులు నిర్వచనాలన్నీ వరుస తప్పకుండా అప్పగించేవారు, పరీక్షలు దాటేవారు. ఆయన పాత విద్యార్థులు అప్పుడప్పుడు అఫ్జల్‌గంజ్ బస్సులో ఎదురై, “మీ బావగారు ఇప్పుడు ఏ తరగతికి చెబుతున్నారు సార్?” అని అడిగితే, బస్సు దిగవలసిన చోటు ఇంకా రాకపోయినా నేను లేచి నిలబడేవాణ్ణి.

డెబ్బైలు వచ్చాయి. బావ పదవీ విరమణ చేశాడు. అప్పటికి నాకు పెళ్లై, హిమాయత్‌నగర్‌లో కాపురం పెట్టాను. ఒక సెలవునాడు అక్కను చూడబోతే, ఆ తనిఖీ తరువాత పుట్టిన వాళ్ల అమ్మాయి రేఖాగణితం పుస్తకం ముందు వేసుకుని కూర్చుని ఉంది. బావ ముందు గదిలో పత్రిక చదువుతున్నాడు.

“నాయినా, స్పర్శరేఖ అంటే ఏంది?” అని ఆ పిల్ల అడిగింది.

“మామ వచ్చిండు గద. మామనడుగు.”

“నువ్వు గూడ లెక్కల సారువే గద?”

“ఎవరు చెప్పిన్రు నీకు?”

“అమ్మ చెప్పింది.”

ఆయన పత్రిక పేజీ తిప్పాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆ పిల్ల నా వైపు తిరిగింది. అడిగిన విద్యార్థికి చెప్పకుండా ఉండడం నాకు తెలియదు. వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు వద్ద తాకే రేఖను స్పర్శరేఖ అంటారని చెప్పాను. కేంద్రం నుంచి ఆ బిందువుకు గీసిన వ్యాసార్థానికి అది లంబంగా ఉంటుందని చెప్పాను. పటం గీసి చూపించాను.

బావ పత్రిక మడిచి కుర్చీలో పెట్టి, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసింది. తరువాత నాతో మెల్లగా అన్నది.

“తమ్మీ, రేపటి సంది పొల్లను నీ ఇంటికే పంపిస్త. ఈడ చెప్పకు.”

“అట్లాగే అక్కా” అన్నాను. పిల్ల పటం కింద పేర్లు రాసుకుంటున్నది. పుస్తకం మూసి ఆమె సంచిలో పెట్టాను.